క్రాపీ చేపల కోసం ఏ లేక్‌కి వెళ్లాలి, ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి: డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల కోసం

ఫిబ్రవరి నెలాఖరు వచ్చేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, క్రాపీకి ఏ లేక్‌కి వెళ్తే బాగుంటుంది?" వెంటనే ఎవరో ఒకరు "లేక్ ఫోర్క్" అనేస్తారు. శనివారం పొద్దున్నే గంటన్నర డ్రైవ్ చేసి, పడవ లేక, ఒడ్డున నిలబడే చోటు దొరక్క, పిల్లలు విసిగిపోయి, సాయంత్రానికి ఉత్త కూలర్‌తో ఇల్లు చేరతారు. ఫోర్క్ మంచి లేకే. పడవ లేనివాళ్లకు మాత్రం అది మొదటి లేక్ కాదు.

క్రాపీ అంటే ఇక్కడి లేకుల్లో దొరికే మంచినీటి చేప. దాన్ని పట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో ఇంట్లో కూర్చుని తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆ సగం పని ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఉత్తర టెక్సాస్‌వి. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ల కోసం మధ్యలో ఓ మాట ఉంది.

దగ్గర ఉండాల్సినవి

- ఫిషింగ్ లైసెన్స్ (ఎవరికి అక్కర్లేదో 5వ అంచెలో చూడండి)
- తేలికపాటి రాడ్, చిన్న రీలు, 4 నుంచి 8 పౌండ్ల బరువు తట్టుకునే దారం
- 1/16, 1/32 ఔన్సు జిగ్‌లు (తలకు చిన్న బరువు ఉన్న గాలానికి తొడిగిన కృత్రిమ ఎరలు) కొన్ని. బురద నీటికి చిలకపచ్చ రంగు, తేట నీటికి తెలుపు లేదా బూడిద రంగు
- సన్న తీగతో చేసిన 4 లేదా 6 నంబరు గాలాలు. లావు తీగ గాలం మోడుకు చిక్కుకుంటే దారం తెంపుకోవాల్సిందే. సన్న తీగదైతే గట్టిగా లాగితే వంగి బయటికొస్తుంది, వేళ్లతో సరిచేసి మళ్లీ వేసుకోవచ్చు
- స్లిప్ బెండు, అంటే దారం మీద జారే రకం. లోతు మార్చడం తేలిక
- ఎరకు మినోలు, అంటే బతికున్న చిన్న చేపలు. బెయిట్ షాపులో డజన్ల లెక్కన అమ్ముతారు. రసీదు పారేయకండి
- కొలబద్ద, ఐసు నింపిన కూలర్, దారం కట్టిన చవక థర్మామీటర్
- పడవ ఎక్కితే అందరికీ లైఫ్ జాకెట్లు. టెక్సాస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి

విసురు వల తీసుకెళ్లకండి. ఊళ్లో అది అలవాటున్న నాన్నగారో మామగారో ఇక్కడికొస్తే ముందు అడిగేది అదే. టెక్సాస్‌లో క్రాపీ గేమ్ ఫిష్ కింద లెక్క, గాలంతో మాత్రమే పట్టాలి. అలా పట్టినది అమ్మడం కూడా నేరమే, స్నేహితుల మధ్యైనా సరే.

1. ముందు మీ సంగతి తేల్చుకోండి, లేక్ సంగతి తర్వాత

కాగితం మీద మూడు జవాబులు రాసుకోండి. పడవ ఉందా, ఒడ్డు నుంచేనా? ఎంత దూరం డ్రైవ్ చేయగలరు? వెంట ఎవరొస్తున్నారు?

ఒడ్డు నుంచే అయితే పియర్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన వేదిక), వంతెన, రాళ్ల కట్ట, వీటిలో ఏదో ఒకటి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్న లేక్ కావాలి. చిన్నపిల్లలుంటే బాత్‌రూము, నీడ కూడా కావాలి. ఇవి ఉన్న మామూలు లేక్, ఇవి లేని పేరున్న లేక్ కన్నా నయం. నా లెక్కలో కుటుంబంతో వెళ్లేవాళ్లకు స్టేట్ పార్క్ ఉన్న రే రాబర్ట్స్ ముందు, ఫోర్క్ చివర.

గైడ్‌ని పెట్టుకుంటే లెక్క వేరు. వాళ్ల పడవ, వాళ్ల సోనార్ (నీటి కింద ఏముందో చూపే యంత్రం), ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. అప్పుడు ఫోర్క్‌కే వెళ్లండి. మాట్లాడుకునేటప్పుడే చేపలు శుభ్రం చేసి ఇస్తారా, పిల్లల్ని ఎక్కించుకుంటారా, వాతావరణం బాగోకపోతే డబ్బు తిరిగిస్తారా అని అడగండి.

2. నెలను బట్టి చేప ఎంత లోతులో ఉంటుందో చూసుకోండి

ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదట్లో క్రాపీ లోతు నీళ్లలోంచి పాయల మొదళ్లకు చేరుతుంది. నీటి వేడి 60 ఫారెన్‌హీట్ దాటాక గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తుంది. అప్పుడు రెండు నుంచి ఎనిమిది అడుగుల లోతులో, మోడుల పక్కన, రెల్లు దుబ్బుల పక్కన దొరుకుతుంది. డాలస్ చుట్టూ ఇది దాదాపు ఉగాదికి అటూ ఇటూ జరుగుతుంది. వీధుల్లో రెడ్‌బడ్ చెట్లు ఊదా గులాబీ రంగులో పూశాయంటే గాలాలు బయటికి తీయొచ్చు. పడవ లేనివాళ్లకు ఏడాదిలో ఇదే అసలైన సీజన్.

మే నెలాఖరు నుంచి చేప మళ్లీ లోతుకు దిగుతుంది, వంతెన స్తంభాలు, నీట మునిగిన కొమ్మల గుట్టలు పట్టుకుని 15 నుంచి 25 అడుగుల్లో ఉంటుంది. ఎండాకాలం మరీ అడుగున ఆక్సిజన్ ఉండదు కాబట్టి నేలకు ఆనించి ఎర వేయడం దండగ. పగలు ఎండలో మాడేకన్నా, లైట్లున్న పియర్ మీద రాత్రి కూర్చోవడం మేలు. లైటుకు పురుగులు, పురుగులకు చిన్న చేపలు, వాటి కోసం క్రాపీ వస్తాయి. అక్టోబరు, నవంబరు మళ్లీ బాగుంటుంది. చలికాలం లోతు నీళ్లలో పెద్ద గుంపులు కడతాయి కానీ అది పడవ ఉన్నవాళ్ల ఆట.

3. మూడు లేకులు ఎంచుకుని వాటి చిట్టా చదవండి

ఒక్క లేక్ మీదే మనసు పెట్టుకోకండి. మూడు రాసుకోండి. డాలస్ చుట్టూ అయితే రే రాబర్ట్స్, లూయిస్‌విల్, లావన్, రే హబ్బర్డ్, టవాకొనీ, ఫోర్క్ లాంటివి. ఆస్టిన్ వైపు వాళ్లకు టేలర్ దగ్గరున్న గ్రేంజర్ లేక్, హ్యూస్టన్ వాళ్లకు లివింగ్‌స్టన్.

ఇప్పుడు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైటులో ఆ లేక్ పేజీ తెరవండి. ఎక్కువమంది వదిలేసేది ఈ పనే. అసలు విషయమంతా అక్కడ ఉచితంగా ఉంది. చూడాల్సినవి ఇవి.

*రేటింగ్.* ఒక్కో చేపకు ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్, పూర్ అని ఉంటుంది. క్రాపీకి గుడ్, అంతకన్నా పైది ఉంటేనే జాబితాలో ఉంచండి. బాస్ చేపకు ఎక్సలెంట్ అని ఉన్నంత మాత్రాన క్రాపీకి పనికొస్తుందని కాదు.

*నీటి తేటదనం.* క్రాపీలో రెండు జాతులున్నాయి. తెల్ల క్రాపీ ఒంటి మీద నిలువు చారలుంటాయి, బురద నీటికి తట్టుకుంటుంది. నల్ల క్రాపీ ఒంటి నిండా చెదురుమదురు మచ్చలు, దానికి తేట నీరు, నాచు కావాలి. సందేహముంటే వీపు రెక్క ముళ్లు లెక్కపెట్టండి: తెల్లదానికి ఐదారు, నల్లదానికి ఏడెనిమిది. లావన్ లాంటి మట్టిరంగు లేక్‌లో తెల్లదే ఎక్కువ. అలాంటి నీళ్లలో చేప ఒడ్డుకు దగ్గరగా వస్తుంది కాబట్టి ఒడ్డువాళ్లకు కలిసొస్తుంది.

*ఫిష్ అట్రాక్టర్లు.* చేపలు చేరడానికి శాఖవాళ్లే నీళ్లలో కొమ్మల గుట్టలు, ప్లాస్టిక్ చట్రాలు వేస్తారు. ఎక్కడెక్కడ వేశారో జీపీఎస్ అంకెలతో సహా ఇస్తారు. ఫోన్‌లోకి దించుకోండి. ఒడ్డుకు, పియర్‌కు దగ్గరగా ఉన్నవేమైనా ఉన్నాయేమో చూడండి.

*సర్వే రిపోర్టు.* ఇది పీడీఎఫ్. పొడుగు చూసి భయపడకండి, క్రాపీ అని వెతికి ట్రాప్ నెట్ (శాఖవాళ్లు లెక్క కోసం వేసే వల) బొమ్మ దగ్గర ఆగండి. ఎన్ని అంగుళాల చేపలు ఎన్ని పడ్డాయో గీతలుగా ఉంటుంది. 10 అంగుళాల గీతకు కుడివైపు ఉన్నవి తీసుకెళ్లదగ్గవి. ఎడమవైపు 7, 8 అంగుళాల దగ్గర పెద్ద గుట్ట కనిపిస్తే ఆ లేక్ వచ్చే ఏడాది బాగుంటుందని అర్థం. సర్వే ఏ ఏడాదిదో తప్పకుండా చూడండి, ప్రతి లేక్‌కీ ఏటా చేయరు.

దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే క్రాపీ ఏటా ఒకేలా పండే చేప కాదు. వసంతంలో వానలు బాగా పడి, నీరు గట్ల మీది గడ్డిని ముంచిన ఏడాది పిల్లలు ఎక్కువ బతుకుతాయి. కరువు ఏడాది తక్కువ. పిల్ల 10 అంగుళాలకు రావడానికి సాధారణంగా రెండేళ్ల పైచిలుకు పడుతుంది. అంటే ఈ ఏడాది మీ కూలర్ నిండుతుందా లేదా అన్నది రెండు మూడేళ్ల కిందటి వానల చేతిలో ఉంది. మూడేళ్ల కిందట ఫలానా లేక్‌లో ఇరవై ఐదు పట్టానని ఎవరైనా చెబితే సంతోషించండి, కానీ దాన్ని నమ్ముకుని బయల్దేరకండి.

*వేరే రాష్ట్రాల వాళ్లకు:* పద్ధతి ఇదే, మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైటు చూడండి. అట్లాంటా వాళ్లకు అలబామాలోని వైస్ లేక్ అందుబాటులో ఉంటుంది, అయితే జార్జియా లైసెన్స్ అక్కడ చెల్లదు. పెద్ద చేప మీద మోజున్నవాళ్లు మిసిసిపీలోని గ్రెనడా, ఈనిడ్, సార్డిస్ లేకులకు వెళ్తారు. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు 5 పౌండ్ల 3 ఔన్సులు, 1957లో ఈనిడ్ డ్యామ్ దగ్గరే పడింది.

4. ఆ మూడింటినీ వడపోయండి

ట్రిప్‌కు మూడు నాలుగు రోజుల ముందు చేయాల్సిన పని ఇది.

నీటి మట్టం చూడండి. నిండు మట్టం లావన్‌కు 492 అడుగులు, లూయిస్‌విల్‌కు 522, రే రాబర్ట్స్‌కు 632.5. ఇవి లోతులు కావు, సముద్ర మట్టం నుంచి ఎత్తులు. ఇప్పుడున్న మట్టం అంతకన్నా ఐదారు అడుగులు ఎక్కువుంటే పార్కులు, ర్యాంపులు (పడవలు నీళ్లలోకి దించే చోట్లు) మూసేసి ఉండొచ్చు. 2015 వరదలప్పుడు ఇక్కడి లేకుల్లో చాలా ర్యాంపులు నీళ్లలో మునిగిపోయాయి. బాగా తక్కువుంటే పియర్ కింద బురద తప్ప నీళ్లుండవు. వారం రోజుల గీత కూడా చూడండి: నిలకడగా ఉంటేనో, మెల్లగా పెరుగుతుంటేనో మంచిది. వేగంగా తగ్గుతుంటే ఒడ్డునున్న చేప లోపలికి జరిగిపోతుంది.

తర్వాత శాఖవాళ్లు వారం వారం ఇచ్చే ఫిషింగ్ రిపోర్టు చదవండి. అందులో నీటి వేడి, రంగు, ఎంత లోతులో పడుతున్నాయో ఉంటుంది.

ఆఖరున లేక్ దగ్గరి బెయిట్ షాపుకు ఫోన్ చేయండి. "క్రాపీ పడుతున్నాయా?" అని అడిగితే పడుతున్నాయనే అంటారు, మినోలు అమ్ముకోవాలిగా. "ఎన్ని అడుగుల్లో? మినోకా, జిగ్‌కా? ఒడ్డు మీద ఎవరికైనా పడుతున్నాయా?" అని అడగండి. తడుముకోకుండా అంకె చెప్పారంటే ఆ లేక్‌కి వెళ్లొచ్చు.

5. లైసెన్స్, లిమిట్: ఇక్కడ నిర్లక్ష్యం వద్దు

17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్స్ కావాలి. టెక్సాస్‌కు వచ్చి ఆరు నెలలు దాటకపోతే మీరు నాన్‌రెసిడెంట్, ధర ఎక్కువ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గాలం పట్టుకుంటే వాళ్లకూ నాన్‌రెసిడెంట్ లైసెన్సే, ఒక రోజుది దొరుకుతుంది. మామూలు ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది, జులైలో కొనేవాళ్లు చూసుకుని కొనండి.

డబ్బు మిగిలే దారి ఒకటుంది: టెక్సాస్ స్టేట్ పార్క్‌లో ఒడ్డు నుంచో, పియర్ మీద నుంచో పట్టేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు. పార్క్ ప్రవేశ రుసుము కడితే చాలు. రే రాబర్ట్స్ మీద ఐల్ డు బ్వా, జాన్సన్ బ్రాంచ్ అనే రెండు భాగాలున్నాయి. చాలా స్టేట్ పార్కుల్లో రాడ్లు అరువు కూడా ఇస్తారు, ఫోన్ చేసి కనుక్కోండి. ఒక్క జాగ్రత్త: మార్చి, ఏప్రిల్ వారాంతాల్లో డే పాస్‌లు ముందే అయిపోతాయి. గేటు దగ్గరికెళ్లి వెనక్కి తిరిగిన కార్లలో మనవాళ్లవి తక్కువేమీ కాదు. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి.

లైసెన్స్ అక్కర్లేకపోయినా లిమిట్ వర్తిస్తుంది. టెక్సాస్‌లో మామూలుగా మనిషికి రోజుకు 25 క్రాపీ, రెండు జాతులూ కలిపి, ఒక్కోటీ కనీసం 10 అంగుళాలు. ఫోర్క్, లేక్ ఓ ద పైన్స్‌లో మాత్రం డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు తిరగేసి ఉంటుంది: పొడవుతో పని లేదు, పడినది పడినట్టే ఉంచుకోవాలి, 25 కాగానే ఆపేయాలి. లోతు నుంచి పైకి లాగిన చేప వదిలినా బతకదని ఆ నిబంధన. టెక్సోమా లేక్ చాలా భాగం ఓక్లహోమాలో ఉంది. టెక్సాస్ లైసెన్స్‌తో అటువైపు పడితే చెల్లదు. రెండు వైపులా చెల్లే టెక్సోమా లైసెన్స్ విడిగా ఉంది, లిమిట్ కూడా వేరు. నిబంధనలు ఏటా సెప్టెంబరులో మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు ఓసారి చూసుకోండి.

6. మ్యాప్ మీద ఐదు చోట్లు గుర్తుపెట్టుకోండి

శాటిలైట్ మ్యాప్ తెరిచి లేక్‌లోకి పొడుచుకొచ్చిన పాయలు చూడండి. వసంతంలో ఉత్తరపు ఒడ్డున, చలిగాలి తగలని పాయలు ముందు వేడెక్కుతాయి. అక్కడ రెండు చోట్లు. పాయ మీదుగా రోడ్డు వంతెన ఉంటే అక్కడొకటి. రాళ్ల కట్ట దగ్గర ఒకటి. పియర్ ఒకటి. వంతెన కింద ఒడ్డున చేపలు పట్టనిస్తారో లేదో, కారు ఎక్కడ పెట్టాలో కూడా ఇప్పుడే చూసుకోండి. ప్రైవేటు ఇళ్ల డాకుల జోలికి వెళ్లకండి.

7. రోజు ఎంచుకోవడం

వరసగా రెండు మూడు రోజులు వెచ్చగా, మబ్బుగా ఉండి, గాలి తక్కువగా ఉన్న రోజు మంచిది. చలిగాలి తగిలిన మర్నాడు ఆకాశం నీలంగా మెరిసిపోతుంది, పిక్నిక్‌కు బాగుంటుంది, చేప మాత్రం నోరు విప్పదు. సెలవు ఆ రోజే పెట్టి ఉంటే ఇంకాస్త లోతుగా, ఇంకాస్త చిన్న ఎరతో ప్రయత్నించండి. దక్షిణపు గాలి గంటకు 15 మైళ్లు దాటితే చిన్న పడవతో పెద్ద లేక్‌లోకి దిగకండి. ఉరుములు వినిపిస్తే పియర్ దిగి కారెక్కండి.

8. మొదటి గంట

థర్మామీటర్ దించి వేడి రాసుకోండి. ఇద్దరుంటే ఒకరు మూడడుగుల్లో, ఒకరు ఆరడుగుల్లో ఎర వేయండి. క్రాపీ కళ్లు పైకి చూసేలా ఉంటాయి. తన పైనున్న ఎరను ఎగిరి అందుకుంటుంది, కిందున్న దాని జోలికి పెద్దగా పోదు. అందుకే అనుమానమొస్తే ఎర పైకి జరపండి.

బెండును గమనించడం నేర్చుకోండి. బ్లూగిల్ అనే చిన్న చేప కొరికితే బెండు టకటకా కొట్టుకుంటుంది. క్రాపీ ఎరను నోట పెట్టుకుని పైకి లేస్తుంది కాబట్టి నిలబడిన బెండు ఉన్నట్టుండి పక్కకు ఒరిగి నీటి మీద పడుకుంటుంది. కొత్తవాళ్లు దారం వదులైందనుకుని చూస్తూ ఊరుకుంటారు. పడుకుందంటే చేప పట్టినట్టే, రాడ్ నెమ్మదిగా ఎత్తండి. గట్టిగా గుంజితే గాలంతో పాటు దాని పెదవి చర్మం చిరిగి వస్తుంది, అంత పలచన. గట్టు మీదికి తీసేటప్పుడు దారంతో వేలాడదీయకుండా చేతి వల కింద పెట్టండి.

ఇరవై నిమిషాల్లో ఒక్కటీ తాకకపోతే లోతు మార్చండి. ఇంకో ఇరవై నిమిషాలకూ ఏమీ లేకపోతే రెండో చోటుకు నడవండి. ఒకటి పడితే మాత్రం అక్కడే, అదే లోతులో ఉండండి, ఒంటరిగా తిరిగే చేప కాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

యూట్యూబ్‌లో చూసిన లేక్‌కి వెళ్లడం. ఆ వీడియోలో మనిషికి లైవ్ స్కోప్ ఉంది, చేప ఎక్కడుందో తెరమీద చూసి దాని ముక్కు ముందు ఎర దించుతున్నాడు. మీకు అది లేనప్పుడు అతని చోటు మీకు పనికిరాదు.

మడత కుర్చీ వేసి, బిర్యానీ డబ్బాలు విప్పి, రోజంతా ఒకేచోట కూర్చోవడం. పిక్నిక్ ఒకచోట పెట్టుకోండి, గాలం ఇంకోచోట పెట్టుకోండి.

క్యాట్‌ఫిష్‌కు వాడే పెద్ద గాలాలు, బరువైన సీసం గుండ్లు తేవడం. బరువు తగిలితే క్రాపీ ఎరను ఉమ్మేస్తుంది.

లేక్ నీళ్లతో నిండిన బకెట్లో చేపల్ని బతికుండగా ఇంటికి తేవడం. జీబ్రా మసెల్స్ అనే గవ్వ జాతి వ్యాపించకుండా పడవలోనూ లైవ్‌వెల్‌లోనూ (చేపల్ని బతికుంచే తొట్టి) నీళ్లు పూర్తిగా వంచేసి బయల్దేరాలని టెక్సాస్ చట్టం. చేపలు ఐసులో పెట్టండి, నీళ్లు అక్కడే పారబోయండి.

సరిగ్గా ఎంచుకున్నామో లేదో చూసుకోవడం

కొలవడంతో మొదలుపెట్టండి. నోరు మూసి, ముక్కు కొలబద్ద అంచుకు ఆనించి, తోక రెండు కొసలు దగ్గరకు నొక్కి కొలవాలి. 10 అంగుళాల గీత దాటకపోతే నీళ్లలోకే. తొమ్మిది ముప్పావును లాగి పదిచేయాలని చూడకండి, వార్డెన్ (నిబంధనలు చూసే శాఖ అధికారి) కొలబద్ద సాగదు.

పడ్డవన్నీ 8, 9 అంగుళాలే అయితే లేక్ తప్పు కాదు, ఏడాది ముందొచ్చారు. పేరు రాసిపెట్టుకుని వచ్చే వసంతం రండి. బ్లూగిల్ తప్ప ఏదీ పడకపోతే మీరు మరీ ఒడ్డున ఉన్నారు లేదా క్రాపీ ఇంకా పైకి రాలేదు. థర్మామీటర్ అంకె 60కి తక్కువుంటే రెండో కారణమే, వారం ఆగి అదే చోటుకు వెళ్లండి. 60 దాటినా, ఐదు చోట్లూ తిరిగినా, పక్కన పట్టేవాళ్లకూ ఏమీ లేకపోతే జాబితాలో రెండో లేక్‌కి మారండి. పక్కవాళ్లకు పడుతూ మీకు పడకపోతే లేక్ మార్చకండి, వాళ్ల బెండుకూ గాలానికీ మధ్య దారం ఎంత వదిలారో చూడండి. మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు.

ఇంటికొచ్చాక తేదీ, నీటి మట్టం, వేడి, ఎన్ని అడుగుల్లో పడ్డాయి, మోడు దగ్గరా వంతెన దగ్గరా అన్నది ఫోన్‌లో రాసుకోండి.

శుభ్రం చేసేముందు ఆ లేక్ చేపల మీద ఆరోగ్య శాఖ హెచ్చరిక ఏమైనా ఉందేమో చూడండి, పాదరసం వగైరాల మీద కొన్ని లేకులకు ఉంటాయి. తల, తోక ఒడ్డు చేరేదాకా కోయకండి, వార్డెన్ కొలవాల్సి రావచ్చు. ఇంట్లో రెండు పక్కల నుంచీ ముక్క కోసి పక్కటెముకలు తీసేస్తే ముల్లు ఉండదు, పిల్లలకు భయం లేకుండా పెట్టొచ్చు. కండ మెత్తన కాబట్టి పులుసులో గరిటె పెడితే విచ్చిపోతుంది. పసుపు, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపుకోండి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు చాలు.